అమ్మానాన్న చదివిన కాలేజీ అయితే పిల్లలకు సీటు సులువా? ఇది న్యాయమేనా?

ఎడిసన్ నాన్న

మా పెద్దమ్మాయి పన్నెండో తరగతి. మొన్న ఆదివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కామన్ యాప్, అంటే చాలా అమెరికా కాలేజీలకు కలిపి పెట్టే అప్లికేషన్, నింపుతోంది, నేను పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నా. పేరు, అడ్రసు, స్కూలు అయిపోయి కుటుంబం అనే భాగం వచ్చింది. తండ్రి ఎంత వరకు చదివాడు, ఏ కాలేజీ, ఏ డిగ్రీ, ఏ సంవత్సరం. "కాకినాడ స్పెల్లింగ్ చెప్పు నాన్నా" అంది. చెప్పా. టైపు చేసి ఆగింది. "అప్లికేషన్ నాది కదా, నువ్వెక్కడ చదివితే వాళ్లకెందుకు?" అంది.

అమ్మానాన్నలు అసలు కాలేజీ మొహం చూడని పిల్లలెవరో తెలుసుకోవడానికి కూడా అది అడుగుతారు, అది మంచిదే. కానీ రెండో ఉపయోగం ఇంకొకటి ఉంది. అమ్మో నాన్నో అదే యూనివర్సిటీలో చదివి ఉంటే పిల్లల అప్లికేషన్‌కి మొగ్గు చూపిస్తారు, లెగసీ అంటారు. ఏదో కొంచెం మొగ్గు అని నేనూ అనుకునేవాడిని. హార్వర్డ్ మీద నడిచిన కేసులో వాళ్ల సొంత లెక్కలే కోర్టులో బయటపడ్డాయి. 2014 నుంచి 2019 వరకు బయటకు రావాల్సిన ఆరు బ్యాచ్‌లకు లెగసీ పిల్లల్లో నూటికి 33 మందికి పైగా సీటొచ్చింది, మిగతావాళ్లలో నూటికి ఆరుగురికి. దీన్ని కొంచెం అనడానికి నోరు రావట్లేదు.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు జాతిని చూసి సీట్లివ్వకూడదని తీర్పిచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఎంత సంబరమో. ఇక మెరిట్ ఒక్కటే అన్నారు. నేనూ లైక్ కొట్టాను. లెగసీ మాత్రం చాలా చోట్ల అలాగే ఉంది, దాని గురించి ఆ గ్రూపులో ఈ రోజుకీ ఒక్క మెసేజ్ లేదు. ఎందుకు లేదో మీరే చెప్పండి. మన పిల్లలు ఇప్పుడిప్పుడే ఆ కాలేజీల్లో అడుగుపెడుతున్నారు, రేపు వాళ్ల పిల్లలకు పనికొస్తుందిలే అని మనం నోరు మూసుకున్నామని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పాత విద్యార్థి

నేను అవతలి పక్షం వాడిని, కాబట్టి నా మాట కూడా వినండి. 90ల్లో హైదరాబాద్ నుంచి ఈస్ట్ కోస్ట్‌లో ఒక ప్రైవేట్ యూనివర్సిటీకి బీఎస్‌కే, అంటే బ్యాచిలర్స్ డిగ్రీకే, వచ్చాను. మా నాన్నగారు బ్యాంకు క్లర్కు. ఫీజు మొత్తం యూనివర్సిటీయే కట్టింది, ఆ డబ్బు ఎక్కడిదంటే అక్కడ చదివిపోయిన వాళ్లు ఇచ్చిన విరాళాలే. ఇవాళ నేను కూడా ప్రతి సంవత్సరం ఎంతో కొంత పంపిస్తాను. మా అబ్బాయి ఈ ఏడాది అక్కడికే అప్లై చేస్తున్నాడు. వాడు చిన్నప్పటి నుంచి ఆ క్యాంపస్ చూస్తూ పెరిగాడు, మార్కులు, పరీక్షలు, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ ఉన్న ఇద్దరిలో ఒకరిని తీసుకోవాల్సి వస్తే ఆ సంస్థతో బంధం ఉన్నవాడిని తీసుకోవడం నాకు అంత ఘోరంగా కనిపించట్లేదు.

ఇంకో మాట, ఇది కడుపులోంచి వస్తున్నది. నూరేళ్లు తెల్లవాళ్లు దీన్ని వాడుకున్నారు. మన తరం వచ్చి, మన పిల్లలకు మొదటిసారి అందేసరికి ఇది అన్యాయం, తీసెయ్యాలి అంటున్నారు. ఇదే మాట నల్లజాతి పూర్వ విద్యార్థులు కూడా కొందరు అంటున్నారు. దీనికేం చెప్తారు?

జొన్నరొట్టె

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఇది ఎలా మొదలైందో ఒకసారి చూడండి. 1900ల తొలి ఏళ్లలో ఈ కాలేజీలకు ఎంట్రన్స్ పరీక్ష పాసైతే దాదాపు సీటొచ్చినట్టే. అలా పాసై వస్తున్న వాళ్లలో తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు పెరిగిపోయారు. 1920ల మొదట్లో హార్వర్డ్‌లో ఐదో వంతు దాటారు. అప్పటి హార్వర్డ్ అధిపతి, అంటే యూనివర్సిటీ ప్రెసిడెంటు, లోవెల్ 1922లో యూదులకు కోటా పెట్టి ఆపుదామన్నాడు, గొడవైంది. బాహాటంగా కుదరకపోయేసరికి వ్యక్తిత్వం, ఇంటర్వ్యూ, ఫొటో, ఏ ఊరివాడు, వాళ్ల నాన్న ఎవరు అనే లెక్కలు వచ్చాయి. డార్ట్‌మత్ కాలేజీ 1922లోనే తమ పూర్వ విద్యార్థుల కొడుకులకు అర్హత ఉంటే చాలు చోటిస్తామని రాసుకుంది. యేల్ కూడా అదే దారి పట్టింది.

అంటే వలస వచ్చి, ఇంట్లో ఇంకో భాష మాట్లాడుకుంటూ, రాత్రీ పగలూ చదివి పరీక్షల్లో పైకొచ్చే పిల్లలను ఆపడానికి వేసిన గేటు ఇది. అచ్చం మనలాంటి పిల్లల్ని. ఆ గేటు తాళం చెవి ఇవాళ మన చేతికొచ్చింది కదా, ఇంకొన్నాళ్లు ఉంచుదాం అంటే నాకు మింగుడు పడట్లేదు.

ఎడిసన్ నాన్న

జొన్నరొట్టె గారూ, ఇది నాకు తెలియదు. మా అమ్మాయికి చదివి వినిపించాను.

సాక్రమెంటో వాసి

పాత విద్యార్థి గారు "మన పిల్లలకు అందేసరికి" అన్నారు. మనకి అందుతోందా అసలు? 2023లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది, పేరున్న కాలేజీలకు వచ్చిన దాదాపు 7 లక్షల అప్లికేషన్లు చూశారు. మార్కులు, యాక్టివిటీలు ఒకే తీరుగా ఉన్న తెల్లపిల్లలతో పోలిస్తే దక్షిణాసియా పిల్లలకు సీటు దొరికే అవకాశం 49 శాతం తక్కువగా తేలింది. తూర్పు ఆసియా పిల్లలను కూడా కలిపి చూస్తే 28 శాతం తక్కువ. ఆ తేడాకు వాళ్లు చూపించిన కారణాల్లో లెగసీ ఒకటి. మన పిల్లల్లో ఆ కాలేజీల్లో చదివిన అమ్మానాన్నలు ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? 1965 వలసల చట్టం వచ్చేదాకా మనవాళ్లకు ఈ దేశంలో దారే సరిగా లేదు. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఎంఎస్ కోసం స్టేట్ యూనివర్సిటీలకు వచ్చారు. లెగసీ కింద ఎక్కువగా లెక్కలోకి తీసుకునేది బ్యాచిలర్స్ అదే కాలేజీలో చేసినవాళ్ల పిల్లలని. మీలాంటి వాళ్లు వెయ్యిలో ఒకరు ఉంటారేమో, ఆ ఒక్కరి కోసం మిగతా మన పిల్లలందరూ నష్టపోతున్నారు.

పాత విద్యార్థి

ఆ 49 శాతం నేను ఊహించలేదు. మరి విరాళాల సంగతి? లెగసీ తీసేస్తే చందాలు తగ్గుతాయి, చందాలు తగ్గితే నాలాంటి క్లర్కు కొడుక్కి ఎయిడ్, అంటే ఫీజు సాయం, ఎవరిస్తారు? ఇది నేను వాదన కోసం అనట్లేదు, నేను ఆ డబ్బుతోనే చదివాను.

సాక్రమెంటో వాసి

న్యాయమైన ప్రశ్నే. ముందు జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీని చూడండి. వాళ్ల ప్రెసిడెంటు రొనాల్డ్ డేనియల్స్ కెనడా నుంచి వచ్చినాయన, అక్కడ ఇలాంటి పద్ధతి లేదు కాబట్టి ఇక్కడ చూసి ఆశ్చర్యపోయాడు. 2014లో చప్పుడు చేయకుండా ఆపేశారు, 2020 జనవరిలో బయటకు చెప్పారు. 2009లో కొత్తగా చేరిన పిల్లల్లో లెగసీ 12.5 శాతం, 2019కి 3.5 శాతం. అదే సమయంలో పెల్ గ్రాంట్‌కు అర్హులైన, అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు 9 శాతం నుంచి 19 శాతానికి వచ్చారు. హాప్‌కిన్స్ దివాలా తీయలేదు. ఎయిడ్ కోసం అదనంగా డబ్బు పెట్టారు, వ్యాపారవేత్త మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2018లో ఇచ్చిన 180 కోట్ల డాలర్లు కూడా అందుకే. ఆయన అక్కడి పూర్వ విద్యార్థే.

ఇక చందాల మీద విడిగా లెక్కలు కూడా ఉన్నాయి. పై వంద యూనివర్సిటీల 1998 నుంచి 2007 వరకు లెక్కలు చూసినవాళ్లకు లెగసీ వల్ల చందాలు పెరుగుతాయనడానికి ఆధారం దొరకలేదు. ఎంఐటీలో లెగసీ లేదు, కాల్‌టెక్‌లో లేదు. వాటికి డబ్బు రావట్లేదా?

ప్లేనో టీచరమ్మ

నేను టెక్సస్‌లో హైస్కూల్లో లెక్కలు చెప్తాను, పదహారేళ్లయింది. పిల్లల అప్లికేషన్లు నింపేటప్పుడు సాయంత్రాలు కూర్చుంటాను. రెండేళ్ల క్రితం ఒక అబ్బాయి, వాళ్లమ్మ రాత్రిళ్లు ఆఫీసులు ఊడ్చే పని. తల్లి చదువు దగ్గర ఏం పెట్టాలని అడిగితే ఆరో తరగతి అని చెప్పాడు, చెప్పేటప్పుడు పక్కనున్న పిల్లలకు వినపడకూడదని గొంతు తగ్గించాడు. క్యాలిక్యులస్‌లో వాడు మా స్కూలు మొత్తానికి ఫస్టు. ఆ తగ్గిన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అమ్మ చదువు చెప్పుకోవడానికి వాడెందుకు సిగ్గుపడాలి, ఇంకొకడికి అదే గడి ఎందుకు వరం కావాలి?

మా రాష్ట్రంలో ఇంకో సంగతి జరిగింది. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 2003లో జాతిని లెక్కలోకి తీసుకోబోమని చెప్పింది, లెగసీకి మాత్రం పాయింట్లు ఇస్తూనే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి జనం నిలదీశారు, 2004 జనవరిలో లెగసీ కూడా తీసేశారు. అప్పుడు అక్కడ ప్రెసిడెంటు రాబర్ట్ గేట్స్, తర్వాత రక్షణ మంత్రి అయినాయన. ఇరవై ఏళ్ల కిందట టెక్సస్‌లో అర్థమైన విషయం 2023 తీర్పు తర్వాత కూడా చాలా చోట్ల అర్థం కాలేదు.

విజయవాడ అమ్మాయి

అమెరికా సంగతి నాకు పెద్దగా తెలియదు కానీ ఇది చదువుతుంటే నా సంగతే గుర్తొచ్చింది. రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ రాశాను. కన్వీనర్ కోటాలో కొద్దిలో పోయింది. నాతో పాటు హాస్టల్లో ఉన్న అమ్మాయికి నాకంటే చాలా తక్కువ మార్కులు, ఎన్‌ఆర్‌ఐ కోటాలో ఒక ప్రైవేట్ కాలేజీలో చేరింది. వాళ్లమ్మానాన్న ఇక్కడే ఉంటారు, అమెరికాలో ఉన్న పెదనాన్న కాగితాలు పంపాడు. ప్రైవేట్ మెడికల్ కాలేజీల్లో సగం కన్వీనర్, 35 శాతం బి కేటగిరీ, 15 శాతం సి కేటగిరీ అంటే ఎన్‌ఆర్‌ఐ. అదీ పుట్టుకను బట్టే కదా సీటు? నేను ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు. ఈ చదువు మీద నాకు ఇష్టం ఏర్పడింది, కానీ కౌన్సెలింగ్ లిస్టులో నా పేరు కోసం వెతుక్కున్న ఆ పొద్దు మర్చిపోలేను.

ఎడిసన్ నాన్న

అమ్మా, నీ మెసేజ్ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కారణం చెప్తాను. నాలుగేళ్ల కిందట మా పిన్ని మనవరాలి కోసం నన్నూ అలాగే సంతకం పెట్టమన్నారు. స్పాన్సర్ అని ఒక కాగితం, పాస్‌పోర్టు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు. డబ్బు వాళ్లదే, పేరు మాత్రం నాది. పెట్టాను. పిన్ని అడిగితే కాదనలేకపోయాను. ఆ పిల్ల నా చేతుల్లో పెరగలేదు, నేను ఆమెను మూడుసార్లు చూశానేమో. నా సంతకంతో నీలాంటి ఇంకో పిల్లకు సీటు పోయిందా అని అప్పుడు నాకు తట్టలేదు. కాకినాడ గడి నా కూతురికి పనికిరాలేదని ఇక్కడ న్యాయం మాట్లాడుతున్నాను కానీ అమెరికాలోని నా ఎడిసన్ అడ్రసు అక్కడ ఇంకొకరికి పనికొచ్చినప్పుడు మాట్లాడలేదు.

జొన్నరొట్టె

ఇది బయటపెట్టడం తేలిక కాదు అన్నా. 2024 సెప్టెంబర్‌లో పంజాబ్ కేసులో మన ఇండియా సుప్రీంకోర్టు అన్నది సరిగ్గా ఇదే. మేనమామలు, బాబాయిలు, కజిన్లు అందరినీ కలిపి ఎన్‌ఆర్‌ఐ అర్థాన్ని పంజాబ్ ప్రభుత్వం సాగదీస్తే అది మోసం అని తేల్చి చెప్పింది. అసలు 2005లో ఇనాందార్ కేసులో అదే కోర్టు ఎన్‌ఆర్‌ఐ సీట్లు 15 శాతం వరకు ఒప్పుకున్నది నిజమైన ఎన్‌ఆర్‌ఐల పిల్లల కోసం.

బేగంపేట

రెండూ ఒకటేనా అని నాకో సందేహం. ఎన్‌ఆర్‌ఐ సీటుకు ఫలానా ఫీజు, ఫలానా శాతం అని బోర్డు మీద రాసి ఉంటుంది, ఎవరి సీటు ఏ కోటాలోదో అందరికీ తెలుసు. అది అన్యాయమే అయినా కళ్లకు కనిపించే అన్యాయం. లెగసీలో ఒకే వరుసలో అందరినీ నిలబెట్టి, లోపల ఎవరికి ఎంత కలిపారో చెప్పరు. సీటు రాని పిల్ల నేనే సరిపోలేదని జీవితాంతం అనుకుంటుంది. నాకైతే రెండోదే ఎక్కువ క్రూరం అనిపిస్తుంది.

మన దగ్గర పుట్టుకను బట్టి బడి కొత్త కాదు. బేగంపేటలో ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉన్న చోట 1923లో నిజాం కాలంలో పెట్టింది జాగీర్దార్ల పిల్లల కోసం కాలేజీ. జాగీర్లు రద్దయ్యాక 1951లో అది అందరి బడి అయింది. జాగీర్దారు కొడుక్కి మాత్రమే ఆ గేటు తెరవాలని ఇవాళ ఎవరైనా అంటే ఊరుకుంటామా? కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో ఎంపీకి ఏటా పది సీట్ల సిఫార్సు ఉండేది, ఎంపీలందరివీ కలిపితే 7,880. 2022లో తీసేశారు. తీసేయగానే ఏ బడీ కూలిపోలేదు.

నాష్‌విల్ బాబాయ్

అందరూ ఆవేశపడుతున్నారు, ఒక మాట. ఈ లెగసీ ఉన్న పెద్ద పేరున్న కాలేజీలు ఎన్ని? డజనో రెండు డజన్లో. అమెరికాలో ఎక్కువ కాలేజీలు అప్లై చేసినవాళ్లలో ఎక్కువ మందిని తీసుకుంటాయి. స్టేట్ యూనివర్సిటీలో చదివి మా ఇద్దరు పిల్లలూ హాయిగా ఉన్నారు. హార్వర్డ్ రాకపోతే బతుకు లేదన్నట్టు పిల్లల మీద టెన్షన్ పెట్టేది మనమే.

సాక్రమెంటో వాసి

బాబాయ్ గారూ, పిల్లల టెన్షన్ గురించి మీరన్నది నూటికి నూరు శాతం ఒప్పుకుంటా. కానీ ఆ డజను కాలేజీలు చిన్న విషయం కాదు. ఐవీ లీగ్ అనే పాత పేరున్న కాలేజీలు ఎనిమిది, ఇంకా స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో కలిపి ఈ దేశ జనాభాలో అర శాతం కంటే తక్కువ మంది చదువుతారు. సెనేటర్లలో నాలుగో వంతు, గత యాభై ఏళ్లలో సుప్రీంకోర్టుకు వచ్చిన జడ్జిల్లో మూడొంతులు అక్కడివాళ్లే. 2023లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం చూపించింది ఇదే. ఒకే టెస్ట్ స్కోరు ఉన్నా పై ఒక శాతం ధనిక కుటుంబాల పిల్లలు అక్కడ చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకంటే రెట్టింపు పైనే, అడ్మిషన్లలో ఆ తేడాకు దాదాపు సగం కారణం లెగసీ. ఎవరు ఈ దేశాన్ని నడపాలో నిర్ణయించే గది అది. ఆ గదిలోకి వారసత్వంగా పంపడం మనందరి సమస్య.

చట్టాల సంగతి కూడా చెప్తా. ప్రభుత్వ కాలేజీల్లో కొలరాడో 2021లో, వర్జీనియా, ఇల్లినాయ్ 2024లో నిషేధించాయి. మేరీల్యాండ్ ప్రైవేట్ కాలేజీలకు కూడా వర్తింపజేసింది. మా కాలిఫోర్నియాలో గవర్నర్ న్యూసమ్ 2024 సెప్టెంబర్ 30న సంతకం పెట్టాడు, 2025 సెప్టెంబర్ 1 నుంచి అమలు, ప్రైవేట్‌కీ కలిపి. స్టాన్‌ఫర్డ్ ఏం చేసిందంటే లెగసీ వదులుకోకుండా, రాష్ట్రం పేద పిల్లలకిచ్చే క్యాల్ గ్రాంట్‌లో నుంచి తప్పుకుంటామని, ఆ డబ్బు తామే పెట్టుకుంటామని ప్రకటించింది. పిల్లలకు ఆ డబ్బు అందుతుంది, అది సరే. కానీ పూర్వ విద్యార్థుల పిల్లల మొగ్గు కాపాడుకోవడానికి ఇంత దూరం వెళ్లారంటే అది ఇద్దరూ సమానమైతేనే వాడే ఉత్త టై బ్రేకర్ అని నేను నమ్మను.

పాత విద్యార్థి

మూడు రోజుల నుంచి ఇవన్నీ చదువుతున్నాను. నేను మొత్తం మారిపోయానని చెప్పను. పూర్వ విద్యార్థులకూ కాలేజీకీ బంధం ఉండాలని ఇప్పటికీ అంటాను. కానీ టీచరమ్మ గారు చెప్పిన అబ్బాయి మనసులోంచి పోవట్లేదు, ఎందుకంటే ఆ గొంతు నాది. 90ల్లో అప్లికేషన్ కాగితం మీద నాన్న ఉద్యోగం దగ్గర క్లర్కు అని రాయడానికి నేనూ చాలాసేపు ఆగాను. నన్ను తీసుకున్నవాళ్లు మా నాన్న ఎక్కడ చదివాడో చూసి తీసుకోలేదు.

నిన్న రాత్రి మా అబ్బాయితో మాట్లాడాను. "డాడీ, సీటొస్తే అందరూ నీ వల్లే వచ్చిందంటారు, నాక్కూడా అదే డౌట్ ఉంటుంది" అన్నాడు. ఈ కోణం నాకు ఎప్పుడూ తట్టలేదు. అప్లై చేస్తాడు, ఆపను. నా వరకు నేను ఈ సంవత్సరం చెక్కుతో పాటు ఒక ఉత్తరం రాశాను, ఈ పద్ధతి ఆపమని, ఆపినా నా చందా ఆగదని.

ప్లేనో టీచరమ్మ

ఆ ఉత్తరం సంగతి మీ బ్యాచ్ వాళ్లకు కూడా చెప్పండి సార్. ఆమ్‌హర్స్ట్ కాలేజీ 2021లో ఆపింది, వెస్లియన్ యూనివర్సిటీ 2023లో ఆపింది. పూర్వ విద్యార్థుల మాటకు బరువుంటుంది. చందాలు ఆగిపోతాయన్నదే కాలేజీల భయం, అది మీరు తీర్చగలరు.

విజయవాడ అమ్మాయి

ఎడిసన్ అంకుల్, మీరు రాసింది చదివాను. కోపం రాలేదు అంటే అబద్ధం. కానీ ఇలా ఒప్పుకున్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. మళ్లీ ఎవరైనా అడిగితే పెట్టకండి, అంతే.

ఎడిసన్ నాన్న

పెట్టనమ్మా. పోయిన వారమే మా వైపు ఇంకొకరు ఫోన్ చేశారు, కుదరదని చెప్పాను, రెండు రోజులు మా అమ్మ నాతో మాట్లాడలేదు.

మా అమ్మాయి నిన్న రాత్రి అప్లికేషన్ పంపించేసింది. ఎంఐటీ వాళ్లది వేరే ఫారం, అది వచ్చే వారం. పంపేముందు ఒకసారి సరిచూడమంటే కుటుంబం భాగం మళ్లీ తెరిచాను. నా కాకినాడ కింద వాళ్లమ్మ గడి. నా భార్య గుంటూరులో డిగ్రీ రెండో ఏడులో ఉండగా పెళ్లయింది, చదువు ఆగిపోయింది. మొహమాటపడి అక్కడ ఖాళీ వదిలేసి ఉంటుందనుకున్నా. కాలేజీ పేరు పూర్తిగా రాసి, డిగ్రీ దగ్గర పూర్తి చేయలేదు అని పెట్టింది. స్పెల్లింగ్ కోసం వాళ్లమ్మను నిద్రలేపి మరీ అడిగిందట.